అమావాస్య చూసుకుని ప్రయాణం

మాది హన్మకొండ. ఏ దిక్కున బయల్దేరినా సముద్రం చూడాలంటే ఓ పూట ప్రయాణం. అలాంటి ఊళ్లో పుట్టిన మా మేనకోడలు సాహితికి సముద్రజీవుల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ అంతుబట్టదు. చిన్నప్పుడు సూర్యలంక బీచ్ నుంచి సంచి నిండా గవ్వలు ఏరుకొచ్చింది. వాటిలో ఒకదాంట్లో సన్యాసి పీత ఉందని ఇల్లంతా కంపు కొట్టాకగానీ తెలియలేదు. ఆ పీత కోసం రెండు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత బీచ్‌కి వెళ్తే ఖాళీ గవ్వని కూడా తేలేదు. "అది ఇంకో పీతకి ఇల్లవుతుంది మామా" అంటుంది.

ఇప్పుడు పదిహేనేళ్లు. ఆక్టోపస్‌కి మూడు గుండెలని, రక్తం నీలంగా ఉంటుందని అన్నం తింటుంటే చెబుతుంది. ఈ పిల్లే సంక్రాంతి సెలవుల్లో నరారా వెళ్దామని పట్టుబట్టింది.

నరారా గుజరాత్‌లో, జామ్‌నగర్ దాటాక వాడినార్ దగ్గర ఉంది. 1982లో ఏర్పడిన మన దేశపు మొదటి మెరైన్ నేషనల్ పార్కులో భాగం. పగడపు దిబ్బలు చూడాలంటే మామూలుగా నీళ్లలో మునగాలి. ఇక్కడ ఆటు సమయానికి నీళ్లే వెనక్కి పోతాయి, మనం దిబ్బ మీద నడిచి చూడొచ్చు. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా రెండు మీటర్ల లోపే. నరారా ఉన్న కచ్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ గరాటులా సన్నబడుతుంది కాబట్టి, ఆ కొసన కాండ్లా దగ్గర తేడా ఆరు మీటర్లు దాటుతుంది.

సాహితి అమావాస్య చూసి తేదీ పెట్టింది. మా అక్క ఒప్పుకుంటుందా? "అమావాస్య పూట ప్రయాణమేంట్రా?" అని నా మీద పడింది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వస్తారని, అప్పుడే నీళ్లు బాగా తగ్గుతాయని కూతురు పాఠం చెప్పింది. చొల్లంగి అమావాస్యకి కాకినాడ దగ్గర సముద్రస్నానాలు చేయరా, మేం గుజరాత్‌లో చేస్తాం అని నేనూ ఓ మాట వేశాను. సికింద్రాబాద్ నుంచి పోర్‌బందర్ వెళ్లే రైలెక్కి జామ్‌నగర్‌లో దిగాం.

మడ చెట్లు దాటగానే బురద, రాళ్లు, మడమ లోతు నీళ్లు. చెప్పులు పనికిరావు, బూట్లు ఉండాల్సిందే. నాకు మొదట అంతా ఒకే మట్టిరంగులో కనిపించింది. టీవీలో చూసే రంగురంగుల పగడాలు ఇక్కడ లేవు. అదే మాట అంటే సాహితికి కోపమొచ్చింది. ఇంత బురదనీ ఎండనీ తట్టుకుని బతికే పగడాలు ఎంత గట్టివో తెలుసా అని మొదలుపెట్టింది.

గైడ్ ఓ రాయి పక్కన ఆగి, వంగి చూడమన్నాడు. నాకు రాయే కనిపించింది. రాయికి కన్ను ఉందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. కంటిపాప అడ్డంగా, నల్లటి గీతలా ఉంది. నా నీడ పడగానే ఆ బూడిదరంగు చర్మం మీదికి ముదురు గోధుమరంగు పాకింది, ఒంటి మీద బొడిపెలు లేచాయి. ఒంటి పక్కనున్న గొట్టంలోంచి నీళ్లు చిమ్మి, ఎనిమిది చేతులూ కూడగట్టుకుని సందులోకి జారిపోయింది. ఎముకల్లేని ఒళ్లు కదా, ఎంత సందైనా చాలు. సాహితి నోట ఒక్క మాట రాలేదు. ఇంట్లో ఇలాంటి అవకాశం మాకు ఎప్పుడూ దొరకదు.

కాస్త ముందుకెళ్తే ఇంకో గుంపు. ఒకాయన చేతిలో పఫర్ చేప బంతిలా ఉబ్బి ఉంది, పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. సాహితి నేరుగా వెళ్లి, వచ్చీరాని హిందీలో, "అంకుల్, నీళ్లలో పెట్టండి. అది నీళ్లు తాగి ఉబ్బాలి, గాలి మింగితే బయటికి పోవడం కష్టం" అంది. ఆయన నవ్వాడు. తను కదల్లేదు. గైడ్ కూడా వంత పాడేసరికి వదిలేశాడు. నాకేమో ఊరుగాని ఊళ్లో గొడవెందుకని టెన్షన్. తను మాత్రం ఆ చేప నిటారుగా ఈదేదాకా గుంట దగ్గరే కూర్చుంది.

విరిగిన పగడం ముక్క ఒకటి నచ్చి నేను తీయబోతే, వన్యప్రాణి చట్టం కింద పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉందని చేయి పట్టుకుంది. 2001 నుంచీ అంతేనట. ఈలోపు గైడ్ కేకేశాడు, పోటు మొదలైంది. తిరిగొచ్చేటప్పటికి బూట్లలో బరువంతా బురదే.

రాత్రి జామ్‌నగర్‌లో గుజరాతీ థాలీ తింటూ అడిగాను. ఇంటికెళ్లాక అమ్మ చేపల పులుసు పెడితే తింటావా, మానేస్తావా అని.

"తింటా మామా," అంది, "కొర్రమీను చెరువుది కదా."