వైకుంఠం గారి బొమ్మలో ఆమె ఎటు చూస్తోంది?

మా ఇంట్లో చాలా ఏళ్లు ఒక పాత క్యాలెండర్ బొమ్మ ఉండేది. తేదీల కాగితం చింపేసి, పైన ఉన్న బొమ్మకి ఫ్రేమ్ కట్టించారు. చామనఛాయ కూడా కాదు, బాగా నల్లటి మనిషి, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, ఎర్రచీర, పక్కకి తిరిగిన మొహం. అది చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మ అని అప్పట్లో ఎవరికీ పట్టలేదు. నాయనమ్మ మాత్రం దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా "అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది" అనేది.

తర్వాత నాకు కాస్త బొమ్మల పిచ్చి పట్టాక, అందరిలాగే నేనూ ఆయన మీద ఓ మాట విసిరాను. ఏముంది, అదే ఆవిడని తిప్పి తిప్పి వేస్తాడు, చీర రంగు మారుస్తాడు, చిలకని అటు నుంచి ఇటు పెడతాడు, అంతే కదా అని. ఇప్పటికీ ఆ మాటలో కొంచెం నిజం ఉందనే అనుకుంటాను. కానీ ఒక చిన్న సంగతి తెలిశాక ఆ బొమ్మలు నాకు వేరేగా కనబడటం మొదలుపెట్టాయి.

ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊరికి నాటకాలవాళ్లు వచ్చేవాళ్లట, అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు, ఆ వేషాలు చూసి ఈయన మురిసిపోయేవాడు. ఇది తెలిశాక ఆ బొమ్మల్ని మళ్లీ చూడండి. ఆ వెడల్పాటి భుజాలు, గుమ్మడికాయల్లాంటి చేతులు, అంత లావు కడియాలు, అంతంత బొట్టు! వేషం కట్టినవాడి బొట్టు వెనక వరసలో చాప పరుచుకుని కూర్చున్నవాడికి కూడా కనబడాలి, అదీ దీపం వెలుగులో. మేనత్త నిజమే, కానీ మేనత్త వేషంలో ఉన్న మనిషి కూడా అందులో ఉన్నాడని నాకు గట్టి అనుమానం. (నాయనమ్మతో ఈ మాట అని ఉంటే చీపురు తిరగేసేది.)

హైదరాబాదులో చదివాక 1970ల మొదట్లో ఆయన బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. మట్టిపలకలు, బొమ్మలు, గాజు మీద చిత్రాలు, పల్లెల్లో చేతిపనివాళ్లు చేసేవన్నీ ఆర్టు కాలేజీలో నేర్వదగ్గవే అని నమ్మిన మాస్టారు ఆయన. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి వచ్చినవాడు మళ్లీ సొంత ఊరి వైపే చూశాడంటే ఆశ్చర్యం లేదు. బి. నర్సింగరావు గారి 'దాసి' సినిమాకి కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఈయనే. దొర గడి లోపలి గోడలు, సామాను, వాటి మధ్య తిరిగే ఆడవాళ్లు. అదీ తెలిసిన లోకమే.

జానపద కళ నుంచి తీసుకోవడం అంటే చాలామంది ఒక నెమలి, ఒక తామరపువ్వు, నాలుగు చుక్కల అంచు అనుకుంటారు. హోటల్ రిసెప్షన్ గోడలన్నీ దానితోనే నిండిపోయాయి. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ ఏం చేశాడో చూడండి. కలకత్తాలో ఆయిల్ పోర్ట్రెయిట్లు వేయడం నేర్చుకున్న మనిషి, 1920లలో అదంతా పక్కన పెట్టి, కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే పటాల వైపు, సొంత బాంకురా జిల్లా బొమ్మల వైపు తిరిగాడు. గీత ఒక్కటే తెచ్చుకుని ఊరుకోలేదు, మట్టి రంగులు, దీపపు మసి, చింతగింజల జిగురు, ఆ పని పద్ధతి కూడా తెచ్చుకున్నాడు. మామూలు ఇళ్లవాళ్లు కొనుక్కోగలిగే ధరకి అమ్మాలని కూడా పట్టుబట్టాడు.

చింతగింజలు అనగానే మనకి తెలంగాణలోని చేర్యాల ఊరి పటాలు గుర్తురావాలి. ఖాదీ బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతల మీద పూతలు పూసి, ఆరాక నకాషీలు, అంటే ఆ పటాలు వేసే చిత్రకారులు, దాని మీద బొమ్మలు రాసేవాళ్లు. వెనకంతా ఎరుపు. బారుగా, గదులు గదులుగా ఉండే పటం, పైనుంచి కిందికి కథ నడుస్తూ పోతుంది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, గౌడులకి గౌడ పురాణం, ఏ కులానికి ఆ కథ. పటం విప్పుతూ, ఒక్కో బొమ్మని పుల్లతో చూపిస్తూ కథకుడు రాత్రంతా పాడేవాడు. అంటే ఆ బొమ్మలు మాట్లాడక్కర్లేదు, పక్కన మాట్లాడే మనిషి ఉన్నాడు.

వైకుంఠం గారి బొమ్మలో నాకు పట్టుకున్నది ఇక్కడే. మనుషులు ఆ పటంలోంచి లేచి వచ్చినట్టే ఉంటారు. నీడలు లేవు, లోతు లేదు, రంగులో ఇంకో రంగు కలపరు, ఎరుపంటే ఎరుపే, పసుపంటే పసుపే. కానీ చుట్టూ గది లేదు, చెట్టు లేదు, చాలాసార్లు ఖాళీ. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరుగుతుంది, చెప్పేవాడే లేడు. కథలోంచి మనిషిని తీసి కథని వదిలేశారు. పక్కన ఉన్న అయ్యగారు విభూతి పెట్టుకుని ఒకవైపు చూస్తుంటాడు, ఆవిడ ఇంకోవైపు చూస్తుంటుంది, నోళ్లు మూసే ఉంటాయి. ఆ మౌనం నాకు ఇష్టం. ఒక్కోసారి కోపం కూడా వస్తుంది, ఏదైనా చెప్పు తల్లీ అని.

ఇంకో కోపం కూడా ఉంది. ఈయన బొమ్మ వేలంలో లక్షల్లో పలుకుతుంది, పలకనివ్వండి, సంతోషమే. చేర్యాలలో చింతగింజలు నానబెట్టుకుని పనిచేసేవాళ్ల బొమ్మలు మాత్రం హస్తకళల దుకాణంలో తాళంచెవుల హుక్కుల పక్కన ఉంటాయి, చాలాసార్లు చేసినవాడి పేరు కూడా ఉండదు. గ్యాలరీలో పేరు ముందు, బొమ్మ తర్వాత. ఇక్కడ ఊరి పేరుతో సరి.

మొన్న నాయనమ్మ ఫ్రేమ్ దింపి దుమ్ము దులిపాను. ఎరుపు వెలిసి ఇటుక రంగయింది. పెన్సిల్ తీసుకుని ఆ మొహం ఒక్కసారి వేసి చూద్దామని కూర్చున్నాను, నుదురు నుంచి ముక్కు దాకా ఒకే గీత, చూస్తే ఎంత తేలికో. ఏడు కాగితాలయ్యాయి. ప్రతిసారీ ముక్కుపుడక దగ్గరే తేడా కొడుతోంది.