స్మార్ట్ బోర్డూ, నా చీర కొంగూ

ఈరోజు మధ్యాహ్నం నా రెండో డెమో క్లాసు గట్టెక్కింది. ఇంటికొచ్చి కాఫీ కూడా పెట్టుకోకుండా రాయడానికి కూర్చున్నాను. రేపటికి కోపం చల్లారితే అన్నీ మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

బెంగళూరులో కేఆర్ పురం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. మాది మదనపల్లె. పంతొమ్మిదేళ్ల సర్వీసు. క్లాసులో 44 మంది, అందులో మూడోవంతు మన తెలుగు పిల్లలే. ఈ వేసవి సెలవుల్లో మేనేజ్‌మెంట్ ప్రతి గదిలో ఒక పెద్ద టచ్ ప్యానెల్ బిగించింది. బడి తెరిచాక సర్క్యులర్ వచ్చింది: ప్రతి టీచరూ టెక్నాలజీతో ఒక పాఠం చెప్పి చూపించాలి, పెద్దలు వెనక బెంచీలో కూర్చుని చూస్తారు.

లాగిన్ ఇచ్చారు, పనిచేసింది. ట్రైనింగ్ రెండు గంటలు. కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు అందులో గంటన్నర బోర్డు రంగులు మార్చి చూపించాడు.

నాకు కావాల్సిన సిమ్యులేషన్ (తెరమీదే ప్రయోగం చేసి చూపించే ప్రోగ్రాం) సైటు స్కూల్ వైఫైలో తెరుచుకోలేదు. ఐటీ గదికి వెళితే "టికెట్ వేయండి మేడమ్" అన్నారు, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేయమని. వేద్దామని చూస్తే అక్కడ ప్రింటర్, మౌస్, ఏసీ అని విభాగాలున్నాయి, పాఠం అనేదే లేదు. చిరాకేసి ఏసీ కింద వేశాను. మర్నాడు నిచ్చెన భుజాన వేసుకుని ఏసీ మెకానిక్ వచ్చాడు!

చివరికి ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. వాటిని ఫెట్ సిమ్యులేషన్లు అంటారు. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు. పైసా ఖర్చు లేదు. ఫైలు ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తుంది. టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఇది మాత్రం చేసిపెట్టుకోండి, ఐటీ గది గుమ్మం తొక్కే పని తప్పుతుంది.

ఇక పోయిన వారం జరిగిన మొదటి డెమో.

వెనక బెంచీలో ప్రిన్సిపల్, కోఆర్డినేటర్, పక్కనే కరస్పాండెంట్ గారు. ఆయనది నెల్లూరు. కొత్త కంచి కాటన్ చీర కట్టుకుని, గంజి పెట్టించిన కొంగు పిన్ను లేకుండా ఒంటి పొరగా వదిలేసి వెళ్లాను. పెద్దలొస్తున్నారు కదా, హుందాగా ఉండాలని. పాఠం విద్యుత్ వలయాలు. బ్యాటరీ, స్విచ్, బల్బు తెరమీదకి లాగి కలిపాను, బల్బు వెలిగింది. పిల్లలు బాగానే చూస్తున్నారు. రెండో బల్బు తీసుకుందామని కొంచెం ముందుకి వంగాను. బ్యాటరీ దానంతటదే జరిగింది. వెనక్కి తెచ్చి పెట్టాను. ఈసారి వైరు ఊడింది. వైరు కలుపుతుంటే బల్బు పోయి ఓ మూలకి చేరింది. ఎవరో అదృశ్యంగా నిలబడి నాతో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టుంది.

"టచ్ సరిగా చేయండి మేడమ్, గట్టిగా కాదు" అని కోఆర్డినేటర్ వెనకనుంచి సలహా. నాకు చెమటలు. గట్టిగా కాకుండా, మెల్లగా, ఒక్క వేలితో, ఊపిరి బిగబట్టి ముట్టుకున్నాను. అంతే, ఊడిన వైరు పాకుతూ వెళ్లి బ్యాటరీ రెండో కొసకి అతుక్కుంది. షార్ట్ సర్క్యూట్. ఆ సిమ్యులేషన్‌లో అలా అయితే బ్యాటరీ మీద మంట లేస్తుంది. 44 మందీ "ఓ..." అని ఒకటే అరుపు, చప్పట్లు. పంతొమ్మిదేళ్లలో నా పాఠానికి చప్పట్లు పడటం అదే మొదలు!

ముందు బెంచీలో మారతహళ్లి నుంచి వచ్చే పిల్లాడొకడున్నాడు. నోరు విప్పితే ఇంగ్లీషే. వాడు లేచి నా దగ్గరకొచ్చి, వెనకవాళ్లకి తెలియకూడదనుకున్నాడో ఏమో, మెల్లగా తెలుగులో, "మిస్, మీ చీర టచ్ అవుతోంది" అన్నాడు. నా పరువు కాపాడదామనే వాడి ఉద్దేశం. నెల్లూరాయనకి వినబడింది. మొట్టమొదట నవ్వింది ఆయనే.

చూసుకుంటే నిజమే. వంగినప్పుడల్లా కొంగు అంచు అద్దం ముందు ఊగుతోంది. కొంగు తీసి నడుముకి దోపుకున్నాను, ఇంట్లో గచ్చు కడిగేటప్పటిలా. ఆ వాలకంతోనే మిగతా పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు. పిల్లలకి మంట ఒక్కటే గుర్తుంది.

అసలు సిగ్గు అది కాదు. నేను ఫిజిక్స్ టీచర్ని. ఇలాంటి ప్యానెళ్లలో వేలు అద్దాన్ని నొక్కడంతో పనిలేదు. ఫ్రేములో ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, ఎదురువైపు సెన్సర్లు ఉంటాయి. అద్దం మీదుగా కంటికి కనబడని కిరణాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఏది అడ్డొచ్చినా దాని దృష్టిలో వేలే. వేలైనా, సుద్దముక్కైనా, కంచి కాటనైనా. టీవీ రిమోట్ పనిచేసేదీ ఈ కిరణాలతోనేనని ఏటా చెప్పే మనిషికి ఇది తట్టకపోవడమేమిటి? ప్యాంటు చొక్కా వేసుకొచ్చిన ట్రైనింగ్ కుర్రాడికి తట్టలేదంటే సరే. ఈ బడిలో ఆడ టీచర్లలో ముప్పాతిక మంది చీరల్లోనే వస్తారు, ప్యానెల్ కొనేముందు వాళ్లలో ఒక్కరినైనా దాని ముందు నిలబెట్టి చూశారా?

మర్నాడు క్లాసులో మొదటి పది నిమిషాలు అదే పాఠం చేశాను. స్కేలు, దారం, కొంగు ఒక్కొక్కటే అద్దానికి తగలకుండా పెట్టి చూపించాను. ఇది గొప్ప చెప్పుకోవడమే, చెప్పుకోనివ్వండి.

కోఆర్డినేటర్ రిపోర్టులో "మళ్లీ చూపించాలి" అని రాశారు. స్టాఫ్ రూములో అందరూ కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ ఆట పెట్టమన్నారు. కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టి చూశాను. త్వరగా నొక్కినవాళ్లకి ఎక్కువ పాయింట్లు, దాంతో ప్రశ్న పూర్తిగా చదివే నాథుడు లేడు. అల్లరే తప్ప ఆలోచన లేదు. ఈకాలం పిల్లలకి ఏకాగ్రత లేదని తల్లిదండ్రులు నా దగ్గర వాపోతారు గానీ, మనమే చేతికి గిలక్కాయ ఇచ్చి మోగించొద్దంటే ఎలా?

అప్పుడు ప్లిక్కర్స్ అనే క్విజ్ యాప్ దొరికింది. పిల్లలకి ఫోన్లు అక్కర్లేదు. నలుపు తెలుపు గుర్తు ఉన్న కాగితం కార్డు ఒక్కొక్కరికి ఒకటి. ఎటు తిప్పి పట్టుకుంటే అదే జవాబు, ఏ, బీ, సీ, డీ. నేను నా ఫోన్ కెమెరా క్లాసు మీదుగా తిప్పితే అందరి జవాబులూ ఎక్కేస్తాయి. ఏ ఇద్దరి కార్డులూ ఒకలా ఉండవు కాబట్టి పక్కవాడిది కాపీ కొట్టలేరు. కార్డులు మాసిపోకూడదని జిరాక్స్ షాపులో మెరిసే లామినేషన్ చేయించాను, ట్యూబ్‌లైటు వెలుతురు తిరగబడి కెమెరా సగం కార్డులు చదవలేదు. మళ్లీ మామూలు కాగితం మీద తీయించాను. నెట్ నా ఫోన్‌దే. టికెట్ వేయలేదు.

ఈరోజు పాత చుడీదార్ వేసుకెళ్లాను. ఒక బల్బు వెలిగించి అడిగాను: దీనికి సమాంతరంగా, అంటే అదే బ్యాటరీకి వేరే దారిలో, ఇంకో బల్బు కలిపితే మొదటిది మందగిస్తుందా, అలాగే ఉంటుందా, ఇంకా ఎక్కువగా వెలుగుతుందా? కార్డులు లేచాయి. 27 మంది మందగిస్తుందన్నారు. తెరమీద రెండో బల్బు కలిపాను. మొదటిది చెక్కుచెదరలేదు. ఎవరూ అరవలేదు. వాళ్లు తెర వంక, చేతిలో కార్డు వంక చూసుకుంటున్నారు. జూన్ నుంచి నోరు తెరవని పిల్ల ఒకతి కార్డు ఇంకా దించలేదు. ఆమెది సరైన జవాబు. "మరి బ్యాటరీ తొందరగా అయిపోదా మిస్?" అంది. అయిపోతుందమ్మా, రెండింటికీ కరెంటు ఇవ్వాలిగా. ఆ ఒక్క ప్రశ్న మీద ఇంకో పావుగంట నడిచింది. వెనక బెంచీలో పెద్దలున్న సంగతి మర్చిపోయాను.

బయటికొస్తుంటే కోఆర్డినేటర్ ఆపి, "శనివారం మిగతా టీచర్లకి ట్రైనింగ్ మీరే ఇవ్వాలి మేడమ్, ఏమేం కావాలో రాసివ్వండి" అన్నారు. మామూలు కాగితం మీద కార్డులు, ఒక డబ్బా పిన్నీసులు అని రాసిచ్చాను. పిన్నీసులకి టికెట్ వేయమన్నారు.