నార్మల్ గీత లోపలే ఉన్నా

సోమవారం, రాత్రి

ఇవాళ కూడా రిపోర్టుల్లో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం) 1.1 కనబడింది, పక్కన నార్మల్ అని ఉంది. ఆ మాట ఎంతమందిని నిశ్చింతగా ఇంటికి పంపేస్తుందో తలచుకుంటే బాధగా ఉంటుంది. 25 ఏళ్ల కుర్రాడికి 1.1 ఉంటే, క్రియాటినిన్, వయసు, ఆడామగా చూసి లెక్కగట్టే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా, 95 దాకా వస్తుంది. 70 ఏళ్ల ఆవిడకు అదే 1.1తో 54 వస్తుంది. 60కి తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి బక్కపలచని వాళ్లలో జబ్బు ఉన్నా ఆ అంకె పెద్దగా పెరగదు. పైగా వడపోత దాదాపు సగం పోయేదాకా నార్మల్ గీత దాటకపోవచ్చు. అందుకే పాత రిపోర్టులు దాచుకోవాలి. 0.6 ఉన్న మనిషికి రెండు రోజుల్లో 0.9 అయితే గీత లోపలే ఉంటుంది, కానీ 48 గంటల్లో 0.3 పెరగడమంటే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే.

ఇది ఎక్కువగా విరేచనాలప్పుడు జరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, బీపీకి రామిప్రిల్ వాడుతుంటారు, ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ మింగుతారు. నొప్పి మాత్ర కిడ్నీలోని వడపోత జల్లెడలోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, రామిప్రిల్ బయటికి తీసుకెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. ఇక వడకట్టడానికి ఒత్తిడి మిగలదు.

ఇంకో బాధ, మూత్రపరీక్ష రాయకపోవడం. షుగర్ ఉన్నవాళ్లలో చాలాసార్లు ఈజీఎఫ్ఆర్ తగ్గకముందే అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. మామూలు డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి చూసే పట్టీ) ఆ కొద్దిపాటిని పట్టలేదు, అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అడిగి చేయించాలి. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు, అంతకు మించితే ఎక్కువే. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే మేలు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు భారీ వ్యాయామం ఉంటే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఒక్కసారి ఎక్కువ రాగానే జబ్బని ముద్ర వేయకూడదు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడు నమూనాలు చూసి, రెండింటిలో ఎక్కువ ఉంటేనే లెక్క. టైప్ 2 షుగర్ అయితే తేలిన రోజునే, ఆ తర్వాత ఏటా చేయించాలి.

కండ మరీ తక్కువున్నవాళ్లకు సిస్టాటిన్-సి (వడపోత అంచనాకు రక్తంలో చూసే మరో ప్రొటీన్) కూడా చూస్తే మంచిది. థైరాయిడ్ తేడాగా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అదీ తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి చీటీ మీద ఆ రెండూ రాయాలి.