జేడీ, ఎంఏ కలిపి చదవడం: నా అనుభవం

ఆఖరి సంతకం ఈ వారమే పడింది. అమెరికాలో న్యాయశాస్త్రంలో జేడీ (అక్కడ లాయరు కావడానికి చదివే డిగ్రీ), దక్షిణాసియా అధ్యయనాల్లో ఎంఏ కలిపి చదివాను. విడివిడిగా అయితే మూడేళ్లూ రెండేళ్లూ కలిసి ఐదేళ్లు. ఇలా అయితే నాలుగే. ఆ ఒక్క ఏడాది మిగుల్చుకోవడానికి పడ్డ అవస్థే ఇక్కడ రాస్తున్నాను.

ప్రవేశం పెద్ద విషయం కాదు. లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ రాసి, రెండు విభాగాలకూ వేర్వేరుగా దరఖాస్తు చేశాను. మొదటి ఏడాదంతా లా స్కూల్లోనే: కాంట్రాక్టులు, టార్టులు (ఒకరికి కలిగించిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం), ఆస్తి చట్టం, సివిల్ ప్రొసీజర్. కష్టపడితే గట్టెక్కేవే. భాషా పరీక్షకు ఉర్దూ ఎంచుకుని, పాత చేతిరాత అర్జీలు కూడా గడగడా చదివాను. ఆ సంగతి ఎక్కడైనా గర్వంగా చెప్పుకుంటాను.

చిక్కంతా క్రెడిట్ల దగ్గర, అంటే ఒక్కో కోర్సుకు లెక్కగట్టే పాయింట్ల దగ్గర వచ్చింది. లా స్కూళ్లకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం జేడీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి. కొన్ని కోర్సులను రెండు డిగ్రీలకూ లెక్కిస్తేనే ఏడాది మిగులుతుంది. నేను వలసపాలన నాటి భూచట్టాల మీద ఒక సెమినార్ తీసుకున్నాను. మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారీ శిస్తును శాశ్వతంగా ఖరారు చేసిన 1802 రెగ్యులేషన్‌తో మొదలై, 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం మీదుగా, 1948లో ఎస్టేట్ల రద్దు దాకా సాగే కోర్సు. ఉమ్మడి డిగ్రీ ఉన్నది ఇలాంటి చదువు కోసం కాకపోతే మరి దేనికి?

లా స్కూల్ కార్యాలయం ‘ఇది చరిత్ర, చట్టం కాదు’ అని నా అర్జీ తిప్పికొట్టింది. ఎంఏ విభాగమేమో ‘ఇది చట్టం, ప్రాంతీయ అధ్యయనం కాదు’ అంది. సిలబస్ పట్టుకుని మళ్లీ లా స్కూల్ కార్యాలయానికి వెళ్లాను. జమీందారీలోని రైతుకు తన కమతం మీద శాశ్వత సాగు హక్కు ఇచ్చిన 1908 చట్టం ఆరో సెక్షన్ తీసి, కౌంటర్ మీద పరిచి చూపించాను. అక్కడి ఉద్యోగి కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. ‘కోర్సు నంబరు ముందు మా విభాగం అక్షరాలు లేవు’ అని కంప్యూటర్ తెర వైపు తిరిగిపోయారు. తర్వాత కమిటీ ముందు కూర్చోబెట్టారు. ‘మీ దేశం సంగతే కదా, మీకు తేలికగా మార్కులు వస్తాయని తీసుకున్నారా?’ అని ఒక సభ్యుడు అడిగారు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాంట్రాక్టు చట్టం చదివే అమెరికన్ విద్యార్థిని ఎవరైనా ఇలా అడుగుతారా? ఒకరి చదువుకు విలువ కట్టే కుర్చీలో కూర్చున్నవారు ముందు ఆ చదువేమిటో తెలుసుకోవాలి.

చివరికి ఆస్తి చట్టం చెప్పే ప్రొఫెసర్ నా సెమినార్ వ్యాసం మొదటి నుంచి చివరి వరకు చదివి, ఇది చట్టమేనని లేఖ రాశారు. దానితో రెండు తలుపులూ తెరుచుకున్నాయి. నా థీసిస్ కూడా ఆ వ్యాసం నుంచే పెరిగింది.

ఈ దారిలో వెళ్లేవారు కౌంటర్ దగ్గర చెప్పే మాటలు నమ్మవద్దు. కోర్సులో చేరే ముందే, అది రెండువైపులా లెక్కకు వస్తుందని రెండు కార్యాలయాల నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి. విద్యార్థి వీసా మీద వచ్చినవారు అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే ఫ్లాస్ భాషా ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకోకండి. అది అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకే. ఎంఏ మధ్యలో మానేస్తే అప్పటిదాకా కలిపి లెక్కించిన క్రెడిట్లు ఏమవుతాయో కూడా మొదటి సెమిస్టర్‌లోనే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.