డ్రిఫ్టింగ్ నేర్చుకుంటున్నా: ఆరు సెషన్లు, ఒకటిన్నర జత టైర్లు

డ్రిఫ్టింగ్ అంటే వెనక చక్రాలు జారుతుండగా బండిని అడ్డంగా నడపడం, అందులో మొన్న నా ఆరో సెషన్ అయింది. రెండు కోన్‌ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో ఆగకుండా మూడుసార్లు తిప్పగలిగాను, నాలుగోసారి బండి బొంగరంలా తిరిగి వచ్చిన దారికేసే చూస్తూ ఆగిపోయింది. మొదటి రోజు ఒక్క కోన్ చుట్టూ ఒక్క రౌండు కూడా పూర్తి చేయలేకపోయాను, కాబట్టి నాకిది చాలా ఎక్కువే. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా.

బండి మొదటి తరం టయోటా 86, మాన్యువల్ గేర్లది. 200 హార్స్‌పవర్, 205 న్యూటన్ మీటర్ల టార్క్, కానీ ఆ టార్క్ మొత్తం 6400 ఆర్‌పీఎం దాటాకే వస్తుంది. 4000 చుట్టుపక్కల ఇంజిన్‌కి నీరసం వచ్చినట్టుంటుంది, అక్కడ ఎంత తొక్కినా పొడి నేల మీద తోక, అంటే బండి వెనక భాగం, జారదు. పవర్ చాలట్లేదని మొదట్లో నేనూ గొణిగాను. ఈ 86 అన్న పేరు 1980ల నాటి ఏఈ86 నుంచి వచ్చింది, జపాన్ డ్రిఫ్టింగ్ డ్రైవర్ కేయిచి త్సుచియాకి పేరు తెచ్చిన బండి, దాని ఇంజిన్ 130 హార్స్‌పవర్‌కి మించదు. అది గుర్తొచ్చాక నోరు మూసుకున్నా.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్), హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ లాంటివి ముందే వేయించమని చెప్పినవాళ్లు చాలామంది. ఒక్కటీ వేయించలేదు. టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే పవర్ ఒక్క చక్రానికే పోకుండా రెండు వెనక చక్రాలకీ పంచేది, కంపెనీ నుంచే వచ్చింది, నేర్చుకోవడానికి అది చాలు. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ అయితే లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగి పొగ మాత్రం వస్తుంది.

మొదటి సెషన్ నీళ్లు పోసిన స్కిడ్ ప్యాడ్ మీద, అంటే బండి జార్చడం నేర్చుకునే ఖాళీ స్థలం. తడి నేల అయితే తక్కువ స్పీడులోనే జారుతుంది, టైర్లు అరగవు, తప్పు చేసినా మెల్లగా జరుగుతుంది కాబట్టి ఏం జరిగిందో చూసుకునే టైమ్ ఉంటుంది. ఆ రోజు పావుగంట సేపు నా కాలిదే తప్పనుకున్నాను, ఎందుకంటే తోక కాస్త జారగానే ఇంజిన్ పవర్ పడిపోయేది. తీరా చూస్తే ట్రాక్షన్ కంట్రోల్ ఆపే బటన్ ఒకసారి నొక్కి వదిలేశా, అలా చేస్తే చక్రాలు ఊరికే తిరగకుండా పవర్ తగ్గించే ఆ ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే బండి అడ్డం తిరగకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్ కూడా పక్కకి తప్పుకుంటుంది. మాన్యువల్‌లో రాసే ఉంది, చదివితే కదా.

రెండో సెషన్ మొత్తం స్పిన్‌లే. లెక్కపెట్టడం పదిహేను దగ్గర ఆపేశా. కారణం ఒకటే: తోక బయటికి పోగానే భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేయడం. అలా తీస్తే బరువంతా ముందుకొస్తుంది, వెనక తేలికైపోయి ఇంకా జారుతుంది. లేదా వెనక టైర్లకి ఒక్కసారిగా పట్టు దొరికి, ముందు చక్రాలు ఎటు చూస్తుంటే అటు దూకుతుంది, ఈ రెండోది మరీ భయంకరం. స్పిన్ ఖాయం అనిపిస్తే క్లచ్, బ్రేక్ రెండూ గట్టిగా తొక్కేయాలి, ఇంజిన్ ఆగిపోదు, బండి ఎక్కువ దూరం పోదు. ఇది మాత్రం మొదటి పది నిమిషాల్లోనే ఒంటబట్టింది.

అసలు సంగతి మూడో సెషన్‌లో తెలిసింది. ఫోన్‌ని సీటు వెనక కట్టి వీడియో తీశాను, ఇంటికొచ్చి చూస్తే నా చేతులు స్టీరింగ్‌ని ఉడుంపట్టు పట్టి ఉన్నాయి. తోక జారిన ప్రతిసారీ నేను కౌంటర్ స్టీరింగ్, అంటే తోక జారిన వైపుకే స్టీరింగ్, తిప్పుతున్నాను, అదీ అర సెకను ఆలస్యంగా. పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ అంతకుముందే చెప్పాడు, "మీరు తిప్పకండి, అదే తిరుగుతుంది, మీరు సరైన చోట ఆపండి చాలు" అని. నేను వినలేదు. ముందు చక్రాల క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం) వల్ల బండి ఎటు వెళ్తోందో అటే తిరగాలని చూస్తాయవి, మనం అడ్డం పడకపోతే సరిపోతుంది. తర్వాతి సెషన్‌లో రెండు అరచేతులూ వదులు చేసి చూశా, స్టీరింగ్ గ్లోవ్స్‌లోంచి బర్రున జారుతూ పరిగెత్తింది, వేళ్లు మూయగానే అక్కడే ఆగింది, బండి అడ్డంగా అలాగే నిలబడింది. రెండు సెకన్లేమో! నోటమ్మట కేక వచ్చింది. బొటనవేళ్లు మాత్రం లోపల పెట్టకూడదు, స్పోక్ తగిలితే తెలుస్తుంది ఎందుకో. నాకు చేతి గడియారానికి తగిలింది, గాజు పోయింది.

అదే నాలుగో సెషన్‌లో తోకని జార్చే పద్ధతులు కూడా. హ్యాండ్‌బ్రేక్ లాగేటప్పుడు క్లచ్ తొక్కి ఉంచాలి, లీవర్ చివరి బటన్ మీంచి బొటనవేలు తీయకూడదు. నేనొకసారి తీశా, అది అక్కడే లాక్ అయి, బండి ఈడ్చుకుంటూ కోన్‌ని ఎక్కేసింది. క్లచ్ కిక్ అయితే రెండో గేర్‌లో, ఇంజిన్‌ని 5000 దాకా లేపి, కుడికాలు అలాగే ఉంచి ఎడమకాలితో క్లచ్‌ని టక్కున తన్ని వదలడం. మెల్లగా వదిలితే తోక జారదు, క్లచ్ ప్లేట్ కాలిన వాసన మాత్రం వస్తుంది. వాసన రాగానే పది నిమిషాలు పక్కన పెట్టేశాను.

అయిదో సెషన్ పొడి నేల మీద, చెప్పుకోదగ్గదేం లేదు, మొదటి జత వెనక టైర్లు ఆ ఒక్కరోజులో నున్నగా అయిపోయాయి తప్ప. ముందు మంచి టైర్లు, వెనక గట్టి రబ్బరు చవక టైర్లు వాడుతున్నా, అన్నీ 215/45 ఆర్17. గాలి చల్లగా ఉన్నప్పుడు ముందు 32, వెనక 40 పీఎస్‌ఐ, మధ్యలో వేడిమీద ఒకసారి చూసుకుని పెరిగింది తగ్గిస్తా. వెనక టైర్ల లోపలి అంచే ముందు అరుగుతుంది, పైనుంచి చూస్తే బాగున్నట్టే ఉంటుంది, కిందికి వంగి చెయ్యి పెట్టి తడిమితే దారాలు తగిలాయి. వీల్ నట్లు 120 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచ్‌తో బిగిస్తా, రెండు రన్‌ల తర్వాత మళ్లీ చూస్తా. ఇదంతా మూసేసిన ప్యాడ్ మీద, హెల్మెట్ పెట్టుకుని. రోడ్డు మీద చేసే వాళ్లతో నాకు మాటల్లేవు.

ఇక ఆరోది, ఎనిమిది అంకె. రెండు కోన్‌ల మధ్య తోక ఒకవైపు నుంచి ఇంకోవైపు ఊగే ఆ క్షణమే కష్టమంతా. కాలు కొంచెం తేలిక చేస్తే బండి దానంతటదే సర్దుకుని అటు ఊగుతుంది, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుతుంది, దాన్ని పట్టుకున్నాకే మళ్లీ తొక్కాలి. నేను పట్టుకోకముందే తొక్కుతున్నాను. చూపు ఎదురుగా ఉంచడం ఇంకో తప్పు, పక్క కిటికీలోంచి తర్వాతి కోన్‌ని చూసినప్పుడే బాగా వచ్చింది.

ఎడమవైపు ఫరవాలేదు. కుడివైపు మాత్రం ఇప్పటికీ మూడింట రెండు స్పిన్‌లే. వెనక ఉన్న జత ఇంకో సెషన్‌కి వస్తుంది, అది మొత్తం కుడివైపు రౌండ్లకే పెడతా.