ఈసారి రక్తం ఐదు వారాలు ఆగింది

నాది బీటా థలసీమియా మేజర్, ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుజబ్బు. ఏడాది నిండకముందే బయటపడింది. అప్పటినుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూనే పెరిగాను. ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ డెఫెరాసిరాక్స్ వేసుకోవాలి. రక్తహీనత అనగానే బీట్‌రూట్ తినమనేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

రక్తం అవసరం తగ్గుతుందేమో చూద్దామని డాక్టరుగారు ముందు హైడ్రాక్సీయూరియా ఇచ్చారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకుండే హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచుతుందట. నాకు పెద్దగా పనిచేయలేదు. తర్వాత థాలిడోమైడ్. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చి, గర్భిణులు వాడితే వేలమంది పిల్లలు కాళ్లూచేతులూ సరిగా లేకుండా పుట్టారని 1961లో అక్కడ ఆపేసిన మందే ఇది. అందుకే మొదలుపెట్టేముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ రాశారు.

"పెళ్లికాని పిల్లకు ఇదెందుకండీ?" అంది అమ్మ.

"ఆడపిల్లలందరికీ చేయిస్తామమ్మా" అన్నారావిడ.

అమ్మ ఇంకేం అనలేదు. ల్యాబ్ చీటీని మాత్రం నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచింది. వెయిటింగ్ హాల్లో మా ఊరివాళ్లెవరూ లేరు, అయినా సరే.

మాత్ర రాత్రిపూట. పొద్దున లేచాక కూడా మత్తు దిగేది కాదు, మలబద్ధకం సరేసరి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ అదనం. అవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు కష్టం ఆగడం. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే అలవాటైన తేదీకి రక్తం ఎక్కించుకోకూడదు, హిమోగ్లోబిన్ ఎక్కడిదాకా పడుతుందో చూడాలి. మూడో వారం దాటితే ఒకటే టెన్షన్. మెట్లెక్కితే ఆయాసం వచ్చిందంటే అది రక్తం తగ్గడమా, నా భయమా? అమ్మ పొద్దున్నే కిటికీ దగ్గరికి పిలిచి కింది కనురెప్ప లాగి చూసేది. ఒకసారి 7.2కి పడిపోతే ఆ రోజే ఎక్కించారు. ఇదీ అంతే అనుకున్నాం.

కానీ తర్వాత నెమ్మదిగా పుంజుకుంది. మూడు వారాలకు 9.4 వచ్చినప్పుడు అమ్మ రిపోర్టు మీద పేరు నాదో కాదో చూసుకుంది. ఇప్పుడు ఐదు వారాలు ఆగగలుగుతున్నాను. డోనర్ల కోసం ఫోన్లు తగ్గాయి, ఆఫీసులో సెలవులు మిగులుతున్నాయి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా దిగుతోంది. చుట్టాలు "అయితే నయమైపోయినట్టేగా?" అంటారు. కాలేదు. రెండు వారాలు కలిసొచ్చాయి, నాకది చిన్న విషయం కాదు.

ఈమధ్య కాలివేళ్లలో తిమ్మిర్లు మొదలైతే, నరాల మీద ప్రభావమని డోసు తగ్గించారు. ఈ డోసుతో ఎన్ని వారాలు ఆగుతానో వచ్చే టెస్టులో తెలుస్తుంది.