బారనీ ఉంది, బారన్ లేడు

ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో సంగతి ఇది. పాత దస్తావేజుల్లో రాసి ఉన్న హద్దుల్ని కంప్యూటర్ మ్యాపు మీద గీసి ఇవ్వడం మా పని. ఫారంలో కౌంటీ (మన జిల్లా లాంటిది), బారనీ, పారిష్ (ఒకప్పటి చర్చి పరిధి), టౌన్‌ల్యాండ్ అని గడులుంటాయి. టౌన్‌ల్యాండ్ అంటే మన ఊరంత కూడా ఉండదు, చాలాచోట్ల కొన్ని పొలాలు కలిపిన ముక్క. ఐర్లండ్ మొత్తం మీద ఇవి 60 వేలకు పైనే. ఆ రోజు నాకొచ్చిన కాగితంలో టౌన్‌ల్యాండ్ పేరు గరాన్. వెతికాను, మొదట కనిపించిన గరాన్ తీసుకున్నాను, గీసేశాను. బారనీ గడి ఖాళీగా వదిలేశాను. బారన్ అంటే జమీందారు కదా, ఈ పొలం ఏ జమీందారుదీ కాదు, ఇంక అక్కడ రాయడానికేముంది?

మా సీనియర్ చూసి, ఇది ఏ బారనీ అని అడిగారు. బారన్ పేరు కాగితంలో ఎక్కడా లేదన్నాను. ఆయన నవ్విన నవ్వుకి పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. గరాన్ అంటే ఐరిష్‌లో తోపు. మనకి ఊరికో తోపు ఉన్నట్టే కార్క్ కౌంటీలో గరాన్‌లు ఎన్నో. అందులో మనకి కావలసింది ఏదో తేల్చేది బారనీయే, అంటే కౌంటీలో అది ఏ భాగమన్నదే. నేను గీసింది ఇంకెవరిదో పొలం. అదృష్టం కొద్దీ బయటికి పోలేదు. అయినా ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటికి ఇంకా ప్రొబేషన్, వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది.

నా ఊహ మరీ గాలిలోంచి పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో 1066 తర్వాత నార్మన్ రాజులు భూమంతా తమదేనని, దాన్ని తమవాళ్ళకు పంచారు. బారన్ అన్న మాటకు మొదటి అర్థం మనిషి, అంటే ఇక్కడ రాజుగారి మనిషి. యుద్ధమొస్తే ఇంతమంది గుర్రపు యోధుల్ని పంపాలి, అదీ షరతు. బారన్ పోతే భూమి కొడుకు చేతికి రావడానికి రాజుకు సొమ్ము కట్టాలి. రాజులు నోటికొచ్చినంత అడుగుతుంటే 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే ఒప్పందం దాన్ని 100 పౌండ్లకు ఖాయం చేసింది. మన సంస్థానాల్లో నజరానా లాంటిదే.

ఐర్లండ్‌కి వచ్చేసరికి మాట అదే, సరుకు వేరు. 16, 17 శతాబ్దాల్లో ఇంగ్లీషు ప్రభుత్వం కౌంటీలను ముక్కలు చేసి బారనీలని పేరు పెట్టింది. చాలాచోట్ల కొత్త గీతలు గీయలేదు, అప్పటికే ఉన్న గేలిక్ (స్థానిక ఐరిష్) నాయకుల ప్రాంతాలనే ఎత్తి రాసుకుంది. ఇమోకిల్లీ అనే బారనీ పేరు ఒక పాత వంశానిదే. అక్కడ బారన్ ఉన్నాడా లేడా అన్నది ఆ లెక్కలో లేదు.

1650లలో ఇంగ్లీషు సేనాని క్రామ్వెల్ సైన్యం ఐర్లండ్‌లో గెలిచింది గానీ సైనికులకు జీతాలివ్వడానికి డబ్బు లేదు. కేథలిక్కుల భూములు లాక్కుని జీతం బాకీ కింద పంచేద్దామనుకున్నారు. పంచాలంటే ముందు కొలవాలి. విలియం పెట్టీ అనే వైద్యుడు ఆ కాంట్రాక్టు తీసుకుని, సైనికుల చేతే కొలత గొలుసులు లాగించి, ఒక్కో బారనీకీ మ్యాపు తయారుచేయించాడు. దాన్నే డౌన్ సర్వే అంటారు. ఆ బారనీ మ్యాపుల సెట్టు ఒకటి 1707లో ఓడలో పోతుంటే ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. ఇప్పటికీ పారిస్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. డబ్లిన్‌లో దాచినవి కొన్ని 1711లో, మిగిలినవి 1922లో మంటల్లో పోయాయి. బారనీ హద్దు వెంట మౌస్ లాగుతున్నప్పుడల్లా నాకు ఆ గొలుసు గుర్తొస్తుంది. ఎవరి పొలంలో నిలబడి లాగారో, ఆ పొలంవాళ్ళు ఎక్కడ నిలబడి చూశారో.

1898 స్థానిక పాలన చట్టంతో బారనీకి పని పోయింది. రద్దు మాత్రం ఎవరూ చేయలేదు. అందుకే ఇంకా దస్తావేజుల్లో కూర్చుని ఉంది.

స్కాట్లండ్‌లో ఇంకో వింత. 2004 నవంబరు 28 నుంచి అక్కడ బారన్ బిరుదు వేరు, భూమి వేరు. సెంటు భూమి లేకపోయినా బిరుదు ఒక్కటే కొనుక్కోవచ్చు. ఈ సంగతి మా రూమ్మేట్‌కి చెప్పకుండా ఉండాల్సింది. అద్దె వాటా అడిగితే, "బారన్ గారిని అలా అడగకూడదు" అంటున్నాడు.

కాగితాల్లో తప్ప ఎవరి నోటా లేని మాట అనుకున్నాను. ఒకరోజు ఆఫీసువాళ్ళు హర్లింగ్ మ్యాచికి తీసుకెళ్ళారు. కర్రలు, బంతి, మనకి చూస్తేనే భయమేసే ఆట. ఇమోకిల్లీ, దుహాలో, మస్కెరీ, కార్బెరీ అంటూ జట్ల పేర్లు వినిపిస్తుంటే ఉలిక్కిపడ్డాను. నేను గడిలో టైపు చేసే పేర్లే! చిన్న క్లబ్బుల ఆటగాళ్ళను కలిపి ఈ పేర్లతో జట్లు కడతారట. ఇమోకిల్లీ 2017, 2018, 2019లో వరసగా మూడుసార్లు కార్క్ సీనియర్ హర్లింగ్ కప్పు కొట్టింది. మా సీనియర్ ఆ సంగతి చెబుతుంటే, ఆ మూడు కప్పులూ ఆయన ఇంట్లోనే ఉన్నాయేమో అనిపించింది.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మన ఫిర్కా లాంటిదన్నమాట" అన్నారు. 1985లో మండలాలు వచ్చాక పుట్టినవాణ్ణి, నాకు ఫిర్కా తెలీదు. తాలూకాలో ఒక భాగం, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూసే ఊళ్ళన్నీ కలిపి ఒక ఫిర్కా అని ఆయనే చెప్పారు. ఫోన్ పెట్టకుండానే బీరువా తీసి, తాతయ్య కొన్న పొలం దస్తావేజు బయటపెట్టి, కళ్ళజోడు వెతుక్కుని చదవడం మొదలుపెట్టారు. గుంటూరు జిల్లా, తెనాలి తాలూకా... అక్కడ ఆగారు. మడత దగ్గర కాగితం చిరిగిపోయింది, ఫిర్కా పేరు అందులోనే పోయింది.

"ఉండు, మీ పెదనాన్నని అడిగి చెప్తాను" అన్నారు.